‘విష్ కిడ్’: మూడు గుద్దులకో కోరిక

మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చింది 1991 వేసవిలో. మావాడికి అప్పుడు ఏడేళ్లు. స్కూల్లో నోరు విప్పేవాడు కాదు. టీచరు కబురంపినప్పుడల్లా నాకు టెన్షన్. ఇంట్లో మాత్రం శనివారం కోసం కాచుకుని కూర్చునేవాడు. అప్పట్లో అమెరికాలో పెద్ద ఛానళ్లు శనివారం పొద్దున్నంతా పిల్లల కార్టూన్లకే వదిలేసేవి. ఆ సెప్టెంబరులో ఎన్‌బీసీలో ‘విష్ కిడ్’ మొదలైంది. దాన్ని అప్పుడు వారం వారం చూశాను. తర్వాత మా ఆయన వీసీఆర్‌లో రికార్డు చేసిన టేపు మీద ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఈ మధ్య మనవరాలి పక్కన కూర్చుని మళ్లీ చూశాను. ఉన్నది 13 ఎపిసోడ్లే. వాటికి ఇంత అనుభవం ఎక్కువే.

కథ చిన్నది. నిక్ అనే కుర్రాడి దగ్గర ఒక బేస్‌బాల్ గ్లవ్ ఉంటుంది. (కొత్తల్లో నేనది పొయ్యి మీంచి వేడి గిన్నెలు దించే తొడుగనుకున్నాను.) పిడికిలితో దాన్ని మూడుసార్లు గుద్ది ఏది కోరుకుంటే అది జరిగిపోతుంది. వారానికి ఒక్కటే కోరిక. అది కూడా సరిగ్గా నలుగురిలో పరువు పోయే చోట ఠక్కున చెల్లిపోతుంది. డారిల్ అని ఒక స్నేహితుడు, ఫ్రాంకీ అని ఏడిపించేవాడొకడు, కేటీ అని ఒక చెల్లెలు. సరంజామా అంతే.

దీన్ని నిలబెట్టింది గొంతు. నిక్‌కి మాట ఇచ్చింది మెకాలే కల్కిన్. అంతకు ముందు ఏడాది ‘హోమ్ అలోన్’తో ఊరూవాడా తెలిసిపోయిన పిల్లాడు, అప్పటికి పదకొండేళ్లవాడు. కేటీ గొంతు వాడి సొంత చెల్లెలు క్విన్‌ది. ఇందులో విశేషమేముంది అంటారేమో, ఉంది. కార్టూన్లలో మగపిల్లల గొంతులు చాలావరకు పెద్ద ఆడవాళ్లవే. ‘సింప్సన్స్’లో అల్లరి పిడుగు బార్ట్‌కి మాట్లాడేది నాన్సీ కార్ట్‌రైట్. మన తెలుగు సినిమాల్లోనూ పిల్లవాడి డైలాగు డబ్బింగ్ ఆర్టిస్టు అయిన ఏ అమ్మాయో చెప్పడం మనకు అలవాటే. వాళ్లు చెప్పే తీరు బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ అందులో పిల్లలు మింగేసే మాటలు ఉండవు. నిక్ మాట్లాడుతుంటే వాక్యం చివర ఊపిరి చాలదు. అబద్ధం చెప్పేటప్పుడు గొంతు కిందికి దిగిపోతుంది. అమెరికా కార్టూన్లకి ముందు గొంతులు రికార్డు చేసి, తర్వాత బొమ్మ పెదాలు దానికి తగ్గట్టు గీస్తారు. మన డబ్బింగుకి సరిగ్గా తిరగేసిన పద్ధతి. అందుకే వాడి తడబాటు బొమ్మలోకీ దిగింది.

మావాడు ఇంగ్లిషు పట్టుకున్నది అక్కడే అని నా నమ్మకం. స్కూలు పుస్తకం ఇంగ్లిషు కాదు, గునుస్తూ సాగదీసే ఇంగ్లిషు. అక్టోబరు కల్లా నాతో కూడా ఆ యాసలోనే వాదించడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో బేస్‌బాల్ గ్లవ్ ఎక్కడిది? చలికాలం కోసం కొన్న ఊలు తొడుగునే మూడు గుద్దులు గుద్ది ఏదో గొణుక్కునేవాడు. ఏం కోరుకున్నాడో ఇప్పటికీ చెప్పడు.

పేరున్నవాళ్ల బొమ్మలతో కార్టూన్లు తీయడం అప్పుడొక వరస. 1990లో ఏబీసీలో ‘న్యూ కిడ్స్ ఆన్ ది బ్లాక్’ పాటల బృందం మీద ఒకటి వచ్చింది. ఎన్‌బీసీలోనే 1991లో ‘ప్రోస్టార్స్’ అని మైకేల్ జోర్డాన్ వాళ్లతో ఇంకొకటి. రెండింట్లోనూ అసలు మనుషులు మధ్యమధ్య కనబడిపోయేవాళ్లే, బొమ్మలకి మాట్లాడింది మాత్రం వేరేవాళ్లు. పోస్టరు మీద ఒకరు, లోపల ఇంకొకరు. ఆ లెక్కన ‘విష్ కిడ్’ మోసం చేయలేదు.

ఇక లోపాలు. రెండో ఎపిసోడ్ నుంచే కథ ఎటు పోతుందో మనవరాలు చెప్పేసింది. దానికి ఏడేళ్లే. కోరిక, గొప్పలు, కోరిక చెల్లిపోవడం, నాలిక్కరుచుకోవడం. పదమూడు వారాలూ ఇదే ఉప్మా. బొమ్మలు కూడా అంతంతమాత్రం. వెనక వీధి ఏ ఎపిసోడ్లో చూసినా ఒకటే అనిపిస్తుంది. ఫ్రాంకీ ఎందుకలా తయారయ్యాడో ఒక్కసారైనా చూపిస్తారేమోనని చూశాను, నాకు దొరకలేదు. కల్కిన్ తనే తెర మీదికి వచ్చి మాట్లాడే ముక్కలు మావాడికి అప్పుడు భలే ఇష్టం. నాకిప్పుడు చూస్తే మనసు కుదురుగా ఉండదు. ఆ పిల్లాడు 1994 తర్వాత కొన్నేళ్లు సినిమాలే మానేశాడని తెలిశాక, ఆ నవ్వులో ఎంత డ్యూటీ ఉందో అని వెతుకుతుంటాను. అది కార్టూన్ తప్పు కాదులెండి, నా వయసు తప్పు.

రెండో సీజన్ రాలేదు. 1992లో ఎన్‌బీసీ శనివారం కార్టూన్లే ఎత్తేసి, పొద్దున వార్తల కార్యక్రమం, తర్వాత కాస్త పెద్దపిల్లల షోలు పెట్టింది. మావాడు రెండు వారాలు అలిగాడు, తర్వాత వీధిలో నిజం బేస్‌బాల్ దొరికింది.

మా టేపులో ప్రకటనలూ ఉన్నాయి. పొద్దున పాలలో వేసుకు తినే తియ్యటి సీరియల్ డబ్బాలు, బొమ్మలు, మళ్లీ సీరియల్ డబ్బాలు. పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలు వారాంతాల్లో గంటకి పదిన్నర నిమిషాలు దాటకూడదని నిబంధన అమల్లోకి వచ్చింది 1992లో. మా టేపు దానికి ముందుది, ఆ తేడా కంటికి కొడుతూనే ఉంటుంది. మనవరాలికి మాత్రం కార్టూన్ కంటే అవే నచ్చాయి. “నానమ్మా, స్కిప్ చెయ్యకు” అంటుంది.

పిల్లలకి పెట్టొచ్చా అంటే, ఆరేడేళ్లవాళ్లకి వారానికి ఒకటి చొప్పున నిక్షేపంగా పెట్టొచ్చు. వరసగా నాలుగు చూపిస్తే మీకే విసుగొస్తుంది. ఐదుకి మూడు ఇస్తాను, అందులో రెండు ఆ గొంతుకి.

టేపులో ఒక ఎపిసోడ్ చివరి నాలుగు నిమిషాలు లేవు. మా ఆయన చూసుకోకుండా దాని మీద వాతావరణ వార్తలు రికార్డు చేసేశారు. కోరిక చెల్లిపోబోతుండగా మంచు తుఫాను మ్యాపు వస్తుంది. దాని మీద మా ఇంట్లో తండ్రీ కొడుకుల మధ్య ఏళ్ల తరబడి వాదన. 2019లో మావాడికి ఆ ఎపిసోడ్ మొత్తం ఆన్‌లైన్లో దొరికింది. ముప్పై అయిదేళ్ల మనిషి, ఆఫీసు నుంచి ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆ నాలుగు నిమిషాలూ ఎలా ఉన్నాయిరా అంటే, కాసేపు ఆగి, “తుఫానే బావుందమ్మా” అన్నాడు.