పిక్క పనసా, అంటు పనసా: పెరట్లో ఏది మేలు?

పనస మొక్క పెడదామనుకున్న ప్రతి ఇంట్లో ఇదే పేచీ. "మొన్న తిన్న పండు తేనెలా ఉంది, ఆ పిక్క పాతిపెట్టు చాలు" అంటారు పెద్దవాళ్లు. నర్సరీకి వెళ్లొచ్చిన కుర్రాళ్లేమో అంటు మొక్క మూడేళ్లకే కాస్తుందని పట్టుబడతారు. మా పెరట్లో రెండూ ఉన్నాయి. నిజం చెప్పాలంటే రెండూ పిక్క మొక్కలే, ఆ కథ తర్వాత చెబుతాను.

పనసకు మగ పూత, ఆడ పూత ఒకే చెట్టు మీద విడివిడిగా వస్తాయి. (మగ పూత నల్లబడి రాలిపోతుంటే పిందెలు రాలుతున్నాయని చాలామంది టెన్షన్ పడతారు. అక్కర్లేదు.) ఆడ పూతకు పక్కవాళ్ల చెట్టు పుప్పొడి కూడా అందవచ్చు. అందుకే తేనెలాంటి పండు పిక్క నాటినా అదే రుచి వస్తుందన్న భరోసా లేదు. కరకరలాడే తొనలు రావచ్చు, జారిపోయే మెత్తటి పీచు తొనలూ రావచ్చు. అది తేలేసరికి ఏడెనిమిదేళ్లు గడిచిపోతాయి.

అంటుకు ఈ జూదం లేదు. తల్లి చెట్టు పుల్లే కాబట్టి తల్లి చెట్టు రుచే. కాపు మూడు నాలుగేళ్లలో మొదలవుతుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తుమకూరు ప్రాంతపు చెట్టు నుంచి ఎంపిక చేసిన 'సిద్దు' రకమే చూడండి: ఎర్రటి తొనలు, కాయ రెండున్నర కిలోలకు అటూ ఇటూ. నలుగురున్న ఇంటికి సరిపోతుంది. పది కిలోల కాయ కోసి వీధంతా పంచడంలోనే పనస అందం ఉందనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట కాదనను.

పండు కోసమైతే అంటు మొక్కే మేలు, ఇందులో వాదన లేదు. కానీ మన ఇళ్లలో పనస పండుగానే తింటామా? గోదావరి వైపు పెళ్లి భోజనమంటే పనసపొట్టు కూర గుర్తొస్తుంది. చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, లేత కాయ ముళ్ల తొక్క చెక్కేసి, కత్తితో టకటకా కొడుతూ సన్నగా పొట్టు చేస్తారు. కాస్త ఆలస్యమైతే పాలు జిగురై వేళ్లు అతుక్కుపోతాయి. పసుపు వేసి ఉడికించి, నీళ్లు పిండేసి, చింతపండు పులుసుతో పోపులో మగ్గించి, దించాక ఆవ కలుపుతారు. ఆ కూరలో తొన తీపి ఎవడిక్కావాలి? కాయ లేతగా ఉంటే చాలు. పొట్టు ఇష్టపడే ఇంటికి పిక్క మొక్క ఏమీ తక్కువ కాదు.

కలపకైతే పిక్క మొక్కే. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగలోంచి చెక్కుతారు. అలాంటి దుంగకు కొమ్మల్లేని, నిటారుగా లేచిన మాను కావాలి. అంటు మొక్క నేల దగ్గర్నుంచే కొమ్మలేసి గుబురుగా కూర్చుంటుంది, కాయ అందుకోవడానికి బాగుంటుంది కానీ మాను రాదు.

తీరం దగ్గరవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడితోపాటు పనసలూ కూలిపోయాయి. అంత గాలిని ఏ మొక్కయినా తట్టుకుంటుందని చెప్పలేం. అయితే ఏళ్ల తరబడి సంచిలో మగ్గిన అంటుకు తల్లివేరు చుట్టలు చుట్టుకుపోయి ఉంటుంది. నాటిన చోటే మొలిచిన పిక్కకు వేరు నేరుగా దిగుతుంది.

అందుకే నన్నడిగితే మూడో దారి చెబుతాను. తాజా పిక్కను గుంటలోనే నాటండి, ఎండబెట్టి దాచింది మొలవదు. మొలక పెన్సిల్ లావయ్యాక, మీకు రుచి తెలిసిన చెట్టు పుల్ల తెచ్చి అక్కడే అంటు కట్టించండి. వేరు పిక్కది, పండు మీరు కోరుకున్నది. అంటు కట్టే చెయ్యి తిరిగిన మనిషి దొరకడమే కష్టం. ఏ మొక్కయినా నీరు నిలవని చోటే పెట్టండి, చెట్టుకీ చెట్టుకీ పాతిక ముప్పై అడుగులు వదలండి.

ఇక మా రెండో మొక్క కథ. రోడ్డు పక్క బండి మీద అంటు అని కొన్నాను. నాలుగేళ్లయినా పూత లేదు. తెలిసినాయన వచ్చి మొదలు దగ్గర మట్టి తోసి చూపించాడు: అతుకు పైన పుల్ల ఎప్పుడో ఎండిపోయింది, కిందనుంచి వచ్చిన చిగురే చెట్టయి కూర్చుంది. ఆ చిగుళ్లు మొదట్లోనే గిల్లేయాలని నాకు తెలియలేదు. తొమ్మిదో ఏట కాసింది, తొనలు మెత్తటి జావ. ఇప్పుడు దాని కాయ ఒక్కటీ పండనివ్వం. మార్చి రాగానే మా అత్తయ్య కత్తి పట్టుకుని దాని కిందే పీట వేస్తుంది.