నాలుగు అణిగిన రంగులు, ఒక్క నెమలికంఠం: మూడేళ్లు వాడాక

ఇది టాబ్లెట్ సమీక్షా కాదు, సాఫ్ట్‌వేర్ సమీక్షా కాదు. నా వెబ్‌కామిక్‌లో మూడేళ్లుగా వాడుతున్న ఒక పద్ధతి గురించి. పేజీ అంతా నాలుగు అణిగిన రంగుల్లో వేసి, చదివేవాళ్ల చూపు ఎక్కడ ఆగాలో అక్కడ మాత్రమే ఐదో రంగు పెట్టడం. చెప్పడానికి ఇంతే. చేయడానికే మూడేళ్లు పట్టింది, ఇంకా పూర్తిగా చేతికి రాలేదు.

పగలు ఆఫీసు, రాత్రి బొమ్మలు. హైదరాబాద్‌లో లింగంపల్లి దగ్గర ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి నాంపల్లిలో దిగే నలుగురి కథ నాది, వారానికో ఎపిసోడ్. ఇప్పటికి 140 దాటాయి. క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో వేస్తాను, అది ఉచితం. తెర లేని మామూలు పెన్ టాబ్లెట్. 1600 పిక్సెళ్ల వెడల్పులో గీసి, నెట్‌లో పెట్టేటప్పుడు 800కి తగ్గిస్తాను. పనిముట్ల గురించి ఇంతకన్నా చెప్పుకోవాల్సింది లేదు.

మొదటి 20 ఎపిసోడ్లు ఇప్పుడు చూస్తే నాకే కళ్లు మండుతాయి. సీటు నీలం, చీర గులాబీ, బ్యాగు పసుపు, కిటికీ బయట చెట్టు చిలకపచ్చ. ఏ వస్తువు రంగు దానికి న్యాయంగానే వేశాను. చదివినవాళ్లు మాత్రం "బొమ్మలు బాగున్నాయి, ఇంతకీ ఏమైంది?" అని అడిగేవాళ్లు. ఏమైందో బొమ్మలోనే ఉంది. సంక్రాంతి ముగ్గులో ఒక చుక్క తప్పిందంటే ఎవరికి కనబడుతుంది? అలా అయింది నా పరిస్థితి.

పద్ధతి మార్చుకునేలా చేసింది లాడ్‌బజార్ ఎపిసోడ్. మా నలుగురిలో ఒకాయన లక్క గాజుల దుకాణంలో బేరమాడుతూ, ఎవరూ చూడకుండా ఒక జత గాజులు చొక్కా జేబులోకి జారుస్తాడు. తర్వాతి నాలుగు వారాల కథ ఆ ఒక్క ప్యానెల్ మీద, అంటే పేజీలోని ఆ ఒక్క గడి మీద, నిలబడాలి. నేనేమో ఎర్ర గాజులు వేశాను, వాటి మీద అద్దాల మెరుపు కూడా. వెనకాల గోడ నిండా ఇంకో వెయ్యి ఎర్ర గాజులు, బల్బులు, అద్దాలు. పెట్టే ముందు ముగ్గురికి చూపిస్తే ముగ్గురూ దొంగతనం గమనించలేదు. చెయ్యి పెద్దది చేశాను, గాజుల చుట్టూ గీతలు కొట్టాను. ఊహూఁ.

అప్పుడు దుకాణం మొత్తాన్ని బూడిద కలిసిన నీలంలో ముంచేశాను. వెనక గాజుల గీతలు కూడా నలుపులో కాకుండా కాస్త ముదురు నీలంలో. ఆ జత ఒక్కటి మాత్రం బంతిపూల రంగు. ఆ కింది ప్యానెల్లో జేబు అంచున గోరంత బంతి రంగు మళ్లీ పెట్టాను. ఫోన్‌లో బొటనవేలు పైకి తోస్తుంటే కుడివైపు చేతి దగ్గర చూసిన కన్ను, అదే రంగు పట్టుకుని ఎడమవైపు జేబు దగ్గరికి దిగింది. బాణం గుర్తు అక్కర్లేదు, "చూశారా!" అన్న డైలాగూ అక్కర్లేదు. "లాడ్‌బజార్‌కి రంగు తీసేయడమంటే బిర్యానీలో మసాలా తీసేయడమేరా అన్నా" అని మా తమ్ముడు వారం రోజులు గొణిగాడు. కానీ దొంగతనం వాడికీ కనబడింది.

అక్కడే నాకు అర్థమైంది. కన్నును లాగేది రంగు కాదు, ఆ రంగు మిగతా చోట్ల లేకపోవడం. ఎరుపు చూపును లాగుతుందని అందరూ అంటారు. శిల్పారామంలో చేర్యాల పటం ముందు నిలబడి చూడండి. నేపథ్యం మొత్తం ఎరుపే. అందులో కన్ను వెళ్లేది నీలం దేవుడి మీదికి, పసుపు దేవత మీదికి. పైనుంచి కిందికి విప్పుతూ, ఒక్కో అడ్డపట్టీ చూపిస్తూ కథ చెప్పడానికే ఆ పటాలు గీసేవారు. మనం ఫోన్‌లో వేలితో తోస్తున్నది అదే. ఆ పటాలు వేసే నకాశీ కళాకారులు ఎరుపును నేలగా పరిచేశారు కాబట్టి దాన్ని ఇంకెక్కడా అరుపుగా వాడరు. ఆ పటం ముందు ఓ అరగంట నిలబడ్డాక, రంగుల మీద నేను చూసిన వీడియోలన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు అనిపించింది.

బంతి రంగుతో ఏడాది బాగానే నడిచింది, ఒక్క చిక్కు తప్ప. ఎక్కడ బంతి రంగు పెట్టినా పక్కనున్న మొహం దానితో పోటీ పడేది. చాలా రోజులు కారణం తెలియలేదు. ఒకరోజు నా పాత్రల ఒంటిరంగు మీద కలర్ పికర్ (ఏ రంగో కొలిచి చూపే పనిముట్టు) పెట్టి చూస్తే, అవన్నీ నారింజ వరసలోనే ఉన్నాయి. మన చామనఛాయ అంటే గాఢత తగ్గించి ముదురు చేసిన నారింజే కదా. నీలం పేజీలో నారింజ చుక్క పెట్టమని నేర్పే పాఠాలు ఎక్కువగా పాలిపోయిన మొహాలను మనసులో పెట్టుకుని చెప్పినవి. మన మొహాలతో నిండిన రైలుపెట్టెలో ప్రతి మొహమూ సగం నారింజ. వస్తువు మీద ఆగాల్సిన చూపు ముక్కు మీద ఆగుతోంది.

అందుకే మొత్తం తిరగేశాను. నేల రంగులు వెచ్చనివి: కావి, గంధం, కాఫీపొడి, మీగడ. మొహాలు వాటిలో హాయిగా కలిసిపోతాయి, కళ్ల తెలుపుతో, గీతతో మాత్రమే తేలతాయి. ఐదో రంగు నెమలికంఠం. అప్పటినుంచి ఇదే. మన మనుషులతో మన ఊరి కథ వేసేవాళ్లకి నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: ముందు ఒంటిరంగులు తేల్చుకోండి, ఐదో రంగు దానికి ఎదురుగా వెతకండి.

ఇక తగిలిన దెబ్బలు. మొదటిది మా బావ వల్ల తెలిసింది. ఆయనకి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. ట్రాఫిక్ లైటు దగ్గర పైదా కిందదా అని చూసి బండి ఆపుతాడు. నెమలికంఠం గొడుగు వేసిన ఎపిసోడ్ చదివి ఫోన్ చేశాడు.

"ఏం బామ్మర్దీ, ఆ పిల్ల గొడుగుకి రంగు వేయడం మర్చిపోయావా?"

"వేశాను కదా బావా, నెమలికంఠం!"

"నాకు సిమెంటు రంగులో కనబడుతోందయ్యా."

తర్వాత చదివి తెలుసుకున్నాను. కంట్లో ఎరుపు, ఆకుపచ్చ గుర్తించే గ్రాహకాల్లో లోపం గట్టిగా ఉన్నవాళ్లకి నీలానికీ ఆకుపచ్చకీ నడిమధ్య రంగు నిజంగానే బూడిదగా కనబడుతుంది. ఆ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీది జన్యువులతో వస్తుంది కాబట్టి మగవాళ్లలోనే ఎక్కువ. యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు 12 మందిలో ఒకరికి ఉంటుందంటారు. అంటే నేను ఏరికోరి పెట్టుకున్న రంగు సరిగ్గా బావకి కనబడని రంగు! దాన్ని కొంచెం నీలం వైపు జరిపాను. ఇప్పుడు ఆయనకి గొడుగు నీలంగా కనబడుతోంది. నాకు మాత్రం నెమలికంఠం కొంచెం తగ్గిందని బాధ ఉంది.

రెండో దెబ్బ నైట్ మోడ్. మా చదువరుల్లో చాలామంది రాత్రి పడుకునే ముందు చదువుతారు. ఆ మోడ్ తెరలో నీలాన్ని తగ్గించేస్తుంది. నా నీలం గొడుగు మురికిపట్టిన ఆకుపచ్చ అయిపోతోంది, గంధం రంగు గోడ ఇంకా పచ్చబడిపోతోంది. నేను ల్యాప్‌టాప్ మీద పగలు చూసుకుని మురిసిపోయిన తేడా, దుప్పట్లో ఫోన్ పట్టుకున్నవాళ్ల దాకా చేరడమే లేదు.

ఈ రెండింటికీ మందు ఒకటే దొరికింది: రంగు కన్నా ముందు వెలుగునీడలు చూసుకోవడం. అన్నిటికంటే పైన ఒక లేయర్ (పొర) పెట్టి, నల్లరంగుతో నింపి, అది కింది బొమ్మతో కలిసే తీరును, అంటే బ్లెండింగ్ మోడ్‌ను, 'కలర్'లో పెడితే కింద బొమ్మంతా నలుపు తెలుపుల్లో కనబడుతుంది. అందులో కూడా గొడుగు విడిగా తేలితేనే ముందుకెళతాను. ఇక్కడే నా పాత ఎర్ర గాజుల గుట్టు కూడా బయటపడింది. తెర మీద తెలుపు వెలుగుతున్నప్పుడు ఆ వెలుతురులో ఆకుపచ్చ వాటా దాదాపు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7. మనకు భగ్గుమని కనబడే ఎరుపు, నలుపు తెలుపుల్లోకి వచ్చేసరికి ఓ మోస్తరు ముదురు బూడిద. దుకాణం చీకటి మూలలో అది మాయమవడంలో వింత లేదు. ఇప్పుడు నీలం గొడుగును చుట్టుపక్కల కన్నా బాగా లేతగా వేస్తాను, లేకపోతే దాని వెనక గోడను లేత చేస్తాను. ఈ చూపు ఎపిసోడ్‌కి పది నిమిషాలు తింటుంది. బద్ధకించిన వారం తప్పకుండా ఎవరో ఒకరు "అర్థం కాలేదు" అంటారు.

పక్కపక్క రంగుల సంగతి చీరలు కొనే ఎవరికైనా తెలుసు. మా అమ్మ మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డను చీర మీద పరిచి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి, రోడ్డు మీదికి తెచ్చి ఎండలో ఒకసారి చూస్తుంది. గుడ్డను విడిగా చూసి కొనదు. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల బాధ్యత చూసిన షెవ్రల్ అనే రసాయనవేత్త పట్టుకున్నదీ ఇదే. నల్ల దారం రంగు సరిగ్గా పట్టలేదని ఫిర్యాదులొస్తే, తప్పు అద్దకంలో లేదని, పక్కనున్న నీలం, ఊదా దారాల వల్లే నలుపు వెలిసినట్టు కనబడుతోందని తేల్చాడు. 1839లో దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. నా గోల చిన్నది. మామూలు బూడిద రంగు చొక్కా వేస్తే, నెమలికంఠం పక్కన అది గులాబీగా కనబడింది. "ఆయన పింక్ షర్ట్ ఎందుకు వేసుకున్నాడు, ఎవరైనా వస్తున్నారా?" అని ఒకరు అడిగారు. ఇప్పుడు బూడిదలో చిటికెడు నెమలికంఠం కలుపుతాను. అప్పుడు బూడిదలా కనబడుతుంది.

మూడో లోపానికి నా దగ్గర మందు లేదు. చదివేవాళ్లు తెలివిమీరిపోయారు. నెమలికంఠం ఎక్కడ కనబడితే అక్కడ ఏదో జరగబోతోందని ముందే పసిగడుతున్నారు. బేగంపేట స్టేషన్లో ఒక టిఫిన్ డబ్బాకి ఆ రంగు వేస్తే, మూడు వారాల తర్వాత చెప్పాల్సిన మలుపును ఒకమ్మాయి ఆ రాత్రే ఊహించేసింది. ఒకసారి కావాలనే తప్పు మనిషికి ఆ రంగు చొక్కా తొడిగి బురిడీ కొట్టించాను. బాగా పేలింది కానీ ఏడాదికి ఒకసారి కన్నా చేస్తే నమ్మకం పోతుంది. అలాగే వరసగా నాలుగు ప్యానెళ్లలో వాడితే ఆ రంగు నేలలో కలిసిపోతుంది. ఎపిసోడ్‌లో మూడు చోట్లకి మించకూడదని పెట్టుకున్నాను. తప్పుతుంటాను.

అచ్చు సంగతి కూడా ఒక ముక్క: ఇరవై ఎపిసోడ్లు చిన్న పుస్తకంగా వేయించుకుంటే నెమలికంఠం చచ్చుబడింది. తెర వెలుగులో వచ్చే ఆ మెరుపు నాలుగు సిరాల అచ్చులో రాదు. తప్పు నాదే, ఒక పేజీ నమూనా తీయించి చూసుకోవాల్సింది.

హాస్యం, పిల్లల కథలు వేసేవాళ్లకి ఈ పద్ధతి ఇరుకుగా ఉంటుంది. వాళ్లకి రంగుల జాతరే అందం. నెమ్మదిగా నడిచే కథలకి, చిన్న తెర మీద చిన్న వస్తువులు కథ మోసే చోటుకి దీనికన్నా చవకైన సాయం నాకు కనబడలేదు. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ తగ్గించిన ఒకటీ టిఫిన్ డబ్బా ఖాతాలో.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది బోనాల ఎపిసోడ్. పసుపు, కుంకుమ, వేపాకు, ఘటం మీద దీపం. ఆ వీధిని కాఫీపొడి రంగులో ముంచడానికి ఈసారి నాకే మనసొప్పలేదు. మూడు చిత్తు బొమ్మలు వేశాను. మూడోదాంట్లో వీధంతా నిండు రంగులు పోసి, గుంపు మధ్య నిలబడ్డ మా కథలో పెద్దావిడ ఒక్కరికి మాత్రం రంగు వేయకుండా తెల్ల నూలు చీరతో వదిలేశాను. నలుపు తెలుపు లేయర్ పెట్టి చూశాను, తేలింది. బావకి పంపాను. "మధ్యలో ఆవిడెవరు?" అన్నాడు. వేపమండలు ఇంకా వేయాలి.