శ్రీలంకలో నాలుగైదు రోజులే ఉంటే ఏది చూడాలి, ఏది వదలాలి?

శ్రీలంక ప్యాకేజీ అని ఎక్కడ అడిగినా దాదాపు ఒకే వరస చదువుతారు: కొలంబో, సిగిరియా, కాండీ, నువర ఎలియ, ఎల్లా, యాల, గాలే, మళ్లీ కొలంబో. దీవి మొత్తం తెలంగాణలో సగం కన్నా కొంచెం పెద్దది, అంతే కదా అనిపిస్తుంది. కానీ కొండ మలుపుల్లో పడ్డాక కారు గంటకి ముప్పై, నలభై కిలోమీటర్లు దాటదు. వారం గడిచి ఇంటికొచ్చాక చూసిన ఊళ్ల కన్నా కారు కిటికీయే ఎక్కువ గుర్తుంటుంది.

నన్నడిగితే చుట్టూ తిరగడం మానేసి నడిమధ్యన ఉన్న మెట్ట ప్రాంతంలో దిగమంటాను. సిగిరియా దగ్గరో హబరణలోనో ఒకే బస పెట్టుకుని నాలుగు రాత్రులు ఉంటే కోటలు, స్తూపాలు, చెరువులు, ఏనుగులు అన్నీ రెండు గంటల దూరంలోపే. అక్కడ కూడా అన్నీ చూడాలనుకోకూడదు. జంటగా ఎదురయ్యే ప్రతిచోటా ఒకటి ఎంచుకుని రెండోది వదిలెయ్యాలి.

సిగిరియానా, పిదురంగలనా?

తండ్రి ధాతుసేనుణ్ని చంపి గద్దెనెక్కిన కాశ్యపుడు, సవతి తమ్ముడు మొగ్గల్లానుడు ఎప్పుడు దండెత్తి వస్తాడోనన్న భయంతో చుట్టుపక్కల నేల కన్నా దాదాపు 180 మీటర్లు ఎత్తున్న బండమీద నగరం కట్టుకున్నాడు. ఏలింది క్రీ.శ. 477 నుంచి 495 దాకా. తమ్ముడు వచ్చాడు, యుద్ధంలో అన్న పోయాడు, రాజధాని మళ్లీ అనురాధపురానికి మారింది. ఇప్పుడు పైన మిగిలినవి పునాదులు, నీటి తొట్టి. పైకెక్కి 'ఇంతేనా' అని నిట్టూర్చేవాళ్లు చాలామందే ఉంటారు.

సిగిరియా గొప్పతనమంతా కిందా, నడుమా ఉంది. కింద ఇరుపక్కలా ఒకే తీరులో కొలిచి వేసిన నీటి తోటలున్నాయి. అక్కడి చిమ్మెనగొట్టాలు వానాకాలంలో ఇప్పటికీ పనిచేస్తాయి. నడుమ చరియలో ఇరవై పైచిలుకు స్త్రీల చిత్రాలున్నాయి, ఫొటో తియ్యనివ్వరు. పక్కనే అద్దం గోడ. ఎనిమిదో శతాబ్దం మొదలు చూడవచ్చిన జనం ఆ బొమ్మల మీద పద్యాలు రాసి పోయారు. పురావస్తు పండితుడు సెనరత్ పరణవితాన వాటిలో 685 పద్యాలను చదివి అచ్చువేశారు. గోడలమీద పేర్లు గీకే మనవాళ్ల జబ్బు పాతదే, కాకపోతే వాళ్లు ఛందస్సు తప్పలేదు.

పిదురంగల దానికి ఉత్తరాన ఉన్న మరో బండ. టికెట్టు సిగిరియా ధరలో చిన్న ముక్క. సిగిరియా బండ నిండుగా కనిపించేది ఇక్కణ్నుంచే. ఫొటో కోసమైతే ఇదే మేలు. ఎక్కడం తేలికని మాత్రం అనుకోకండి. సిగిరియాలో పన్నెండు వందల మెట్లైనా పట్టుకోను కడ్డీ ఉంది. ఇక్కడ చివర్లో రాళ్ల మీద చేతులు వేసి పాకాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళితే సిగిరియాలో చిత్రాల దాకా ఎక్కించి దింపెయ్యండి, సగం కన్నా ఎక్కువే చూసినట్టు. సార్క్ దేశాలవారికి టికెట్టులో తగ్గింపు ఉంది, అసలు పాస్‌పోర్టు చూపాలి. ఎండ ముదరకముందే, గేటు తీసిన వెంటనే వెళ్లాలి.

అనురాధపురమా, పొలొన్నరువానా?

ఇక్కడ తేల్చుకోవడం కష్టం. అనురాధపురం పదమూడు వందల ఏళ్లకు తక్కువ కాకుండా రాజధాని. అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చిన బోధి కొమ్మ నుంచి పెరిగిందని నమ్మే రావి చెట్టు అక్కడే ఉంది. తెల్లబట్టలు కట్టి, తామరపూలు పట్టుకుని వచ్చే జనం ఉంటారు. అది శిథిలం కాదు, నేటికీ పూజ నడిచే క్షేత్రం. మహాసేనుడనే రాజు మొదలుపెట్టిన జేతవన స్తూపం మొదట్లో 120 మీటర్లకు పైనే ఉండేదంటారు. గిజాలోని రెండు పెద్ద పిరమిడ్లను మినహాయిస్తే ఆనాటి ప్రపంచంలో అంత ఎత్తు కట్టడం లేదు. ఇప్పుడు 71 మీటర్లు, మొత్తం ఇటుకే.

మనకు మాత్రమే అందే ఆనందం ఇంకొకటుంది. నాగార్జునకొండ మ్యూజియం చూసినవాళ్లు ఇక్కడి గుమ్మాల ముందున్న అర్ధచంద్ర శిలల దగ్గర తప్పకుండా ఆగిపోతారు. ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండ దగ్గరున్న వాళ్ల రాజధాని విజయపురిలో సింహళ భిక్షువుల కోసం 'సీహళ విహారం' ఉండేదని అక్కడి శాసనమే చెబుతోంది. కృష్ణ ఒడ్డుకీ ఈ ఊరికీ రాకపోకలు అప్పటివి.

అయినా ఒక్కరోజే ఉంటే నేను పొలొన్నరువా అంటాను. అనురాధపురం విడివిడిగా, మైళ్ల మీద పరుచుకున్న ఊరు. చరిత్ర ముందే చదువుకోకపోతే మధ్యాహ్నానికి స్తూపాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. పొలొన్నరువా చిన్నది. సైకిలు అద్దెకు తీసుకుని చెట్ల నీడన ఒక్కపూటలో తిరగొచ్చు. చోళులు పాలించిన నాటి రాతి శివాలయం, స్తూపం చుట్టూ కట్టిన గుండ్రటి గుడి వటదాగె, నిశ్శంకమల్లుడనే రాజు తన గొప్పలు తానే చెక్కించుకున్న గల్‌పొత రాతిపలక వరుసగా ఎదురవుతాయి. కళింగ నుంచి వచ్చిన రాజునని చెప్పుకోవడం ఆయనకు మహా ఇష్టం. చివర గల్ విహారం. ఒకే రాతి చరియలో నాలుగు బుద్ధ మూర్తులు తొలిచారు. పడుకున్న విగ్రహం పద్నాలుగు మీటర్లు. తల కింద దిండు బరువుకి కొంచెం నొక్కుకుపోయినట్టు చెక్కారు చూడండి, అంత గట్టి రాతిలో.

రెండుచోట్లా చెప్పులు విప్పాలి. మిట్టమధ్యాహ్నం రాయి కాలుతుంది, పాత సాక్సు ఒక జత సంచిలో ఉంచుకోండి. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగితే అక్కడివాళ్లు ఊరుకోరు.

మిన్నేరియానా, యాలనా?

చిరుతే చూడాలని పట్టుబట్టేవాళ్లు దీవి ఆగ్నేయాన ఉన్న యాల పార్కుకే వెళ్లాలి, వేరే మాట లేదు. కానీ సిగిరియా నుంచి దాదాపు రోజు ప్రయాణం. ఒక చిరుత కనిపిస్తే జీపులన్నీ అక్కడే మూగుతాయి. పైగా ఏటా సెప్టెంబరు ప్రాంతంలో ఎండలకు కొన్నాళ్లు మూసేస్తుంటారు.

మిన్నేరియా పార్కు మధ్యలో ఉన్నది ఒక చెరువు. జేతవన స్తూపం కట్టించిన ఆ మహాసేనుడే తవ్వించాడు. మన కాకతీయుల రామప్ప, పాఖాల కన్నా తొమ్మిది వందల ఏళ్ల ముందటిది. జులై నుంచి సెప్టెంబరు దాకా నీరు తగ్గేకొద్దీ చెరువు గర్భంలో పచ్చగడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులు వందల్లో అక్కడికి చేరతాయి. పంటల కోసం కట్టిన చెరువే వాటికి వేసవి మేత. మహాసేనుణ్ని ఆ చుట్టుపక్కల 'మిన్నేరి దెవియో' అని దేవుడిగా కొలుస్తారు. మన చెరువు కట్టల మీది మైసమ్మ తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు.

ఎగువ మొరగహకంద జలాశయం నుంచి నీళ్లు వదిలిన ఏడు గడ్డి తేలక ఏనుగులు తగ్గుతాయి. అందుకే ముందే మిన్నేరియా అని టికెట్టు కొనేయకండి. ఆ వారం మందలు అక్కడున్నాయా, పక్కనున్న కౌడుల్లలోనా, హురులులోనా అన్నది జీపు డ్రైవర్లకు తెలుసు. వాళ్లు చెప్పినచోటికి సాయంత్రంపూట వెళ్లండి.

కొండలు

ఒక్కరోజు మిగిలి, తెల్లవారకముందే లేవగలిగితే నువర ఎలియ దగ్గరి ఎత్తైన పచ్చిక మైదానం హోర్టన్ ప్లెయిన్స్. 'వరల్డ్స్ ఎండ్' అంచున నేల ఒక్కసారిగా 850 మీటర్లకు పైగా తెగిపోతుంది. తొమ్మిది, పది దాటితే పొగమంచు తప్ప ఏమీ కనిపించదు. ఎల్లాలో 1921 నాటి తొమ్మిది కమానుల వంతెన బాగుంటుంది, కానీ దాని మీద రైలుకన్నా సెల్ఫీల రద్దీ ఎక్కువ. కొండచరియలు పడినప్పుడు ఆ రైలుదారి మూసేస్తారు, బయల్దేరేముందు కనుక్కోండి. నువర ఎలియ దగ్గర సీత ఎలియలోని సీతమ్మ గుడికి భక్తితో వెళ్లేవారి విషయంలో నేను తూకం వేయను.

ఇవన్నీ ఎప్పుడు వెళ్తారన్నదాన్నిబట్టి తారుమారవుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు కొండల మీదా, గాలే తీరం మీదా కురుస్తాయి, నడిమధ్యన మెట్ట ప్రాంతం పొడిగా ఉంటుంది. సంక్రాంతి సెలవులకు లెక్క తిరగబడుతుంది. మెట్టలో ఈశాన్య వానల తోక ఇంకా ఉంటుంది, దక్షిణ తీరం తెరిపిగా ఉంటుంది, యాత్రికులు శ్రీపాద కొండ (ఆడమ్స్ పీక్) ఎక్కే రుతువు కూడా అదే. అప్పుడు వెళ్లేవాళ్లు పొలొన్నరువాకి ఒక్కరోజు ఉంచుకుని మిగతా రోజులు కొండలకూ గాలేకూ ఇవ్వడమే మంచిది. దసరాకి మాత్రం ఎటు వెళ్లినా గొడుగు తప్పదు.