క్రిస్టల్ గ్లాసా, మామూలు గ్లాసా?

రెండూ పక్కపక్కన పెట్టి అంచు మీద గోటితో చిన్నగా కొట్టి చూడండి, మామూలు గ్లాసు టక్ మని ఊరుకుంటుంది, క్రిస్టల్ మాత్రం ఖంగ్ మని మోగి ఆ మోత కాసేపు అలా సాగుతూనే ఉంటుంది, నేను దానికే పడిపోయా. లేబుల్ మీద లెడ్ క్రిస్టల్ అని రాయాలంటే యూరప్ రూల్స్ ప్రకారం గాజులో కనీసం 24 శాతం లెడ్ ఆక్సైడ్ (లెడ్ అంటే సీసమే) ఉండాలి, అందుకే ఆ బరువు, ఆ మెరుపు, ఎండ తగిలితే చెక్కిన గీతల్లోంచి టేబుల్ మీద చిన్న చిన్న రంగులు పడతాయి. కాకపోతే సీసం కదా, డ్రింక్ పోసి రోజుల తరబడి ఉంచితే కొద్దికొద్దిగా అందులోకి దిగుతుంది.

మామూలు గ్లాసుకి ఈ గొడవేం లేదు, పగిలితే ఇంకోటి. రోజూ నీళ్ళకి అదే. నా క్రిస్టల్ జతని మాత్రం అల్మరాలో దాచను, ఆదివారం సాయంత్రం ఎవరూ రాకపోయినా తీస్తా.