డైపర్ ర్యాష్‌కి జింక్ క్రీమా, పెట్రోలియం జెల్లీయా?

పాపకి డైపర్ వేసే చోట ఎర్రబడింది, ఏం రాయమంటారు? వారానికి ఒకరైనా ఈ మాట అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తే నయమనిపించింది. మా చిన్నదానికి తొమ్మిదో నెలలో వచ్చినప్పుడు రెండూ వాడాను. 9 నుంచి 12 నెలల మధ్యే ఇది ఎక్కువట, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఈ రెండూ ఎర్రదనాన్ని మాయం చేసే మందులు కావు. తడీ మలమూ చర్మానికి తగలకుండా అడ్డుపడటమే వాటి పని, మానే పని చర్మమే చూసుకుంటుంది. మూత్రం ఒక్కటే అయితే చర్మం కాసేపు ఓర్చుకుంటుంది. మోషన్ కూడా కలిసిందంటే చిక్కే. మలంలోని బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాని విడగొట్టి అమ్మోనియా చేస్తుంది. దాంతో అక్కడ క్షారగుణం పెరుగుతుంది. మలంలో ఉండే ఎంజైములకి కావలసిందీ అదే. కొవ్వునీ ప్రొటీన్లనీ అరిగించే ఆ ఎంజైములు తడికి నాని మెత్తబడిన చర్మాన్ని కొరికేస్తాయి. అందుకే మోషన్ అయిన డైపర్‌ని ‘ఇంకాసేపు ఆగి మారుద్దాం’ అనుకోకూడదు.

పెట్రోలియం జెల్లీలో నాకు నచ్చింది, రాసిన తర్వాత కూడా కింది చర్మం కనబడుతుంది. ఎరుపు పెరిగిందో తగ్గిందో చూస్తే తెలిసిపోతుంది. వాసన ఉండదు, చర్మానికి పడకపోవడం కూడా అరుదు. కాకపోతే డైపర్‌కి అంటుకుని తొందరగా పోతుంది. చర్మం బాగున్న రోజుల్లో, రాత్రి పడుకోబెట్టే ముందు రాయడానికి ఇది చాలు.

ఎర్రబడ్డాక మాత్రం నా ఓటు జింక్ ఆక్సైడ్‌కే. ట్యూబు మీద శాతం చూడండి, 10 నుంచి 40 వరకు దొరుకుతాయి. శాతం పెరిగేకొద్దీ పూత చిక్కగా ఉండి, రెండు మూడు మోషన్లయినా నిలుస్తుంది. ఆ నిలవడమే చాలామందికి తలనొప్పి. నేనూ మొదటి మూడు రోజులూ ఆ తప్పే చేశాను. డైపర్ మార్చిన ప్రతిసారీ తెల్లటిదంతా పోయేదాకా తడి దూదితో రుద్దేదాన్ని. అది కాళ్లు బిగించి కెవ్వుమనేది. ఎరుపు తగ్గకపోగా తొడల దాకా పాకింది. పిల్లల డాక్టర్ చూసి, క్రీము మారుద్దామనలేదు, రుద్దడం మానమన్నారు. పైన అంటిన మలం వరకే గోరువెచ్చని నీళ్లతో తీసేసి, కింద ఉన్న పూతని అలాగే వదిలి, దాని మీదే మరో పొర వేయాలట. గోడకి సున్నం వేసినట్టే, పాత పూత గోకక్కర్లేదు. మొత్తం తీయాల్సి వస్తే దూది మీద కాస్త బేబీ ఆయిల్ వేసి అద్దితే తేలిగ్గా ఊడొస్తుంది.

ఏది రాసినా పొడి చర్మం మీదే రాయాలి. తడి మీద రాస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది. మెత్తని గుడ్డతో అద్ది, ఐదు పది నిమిషాలు డైపర్ లేకుండా గాలికి వదిలేయండి. పక్క తడిపితే తడపనివ్వండి. నన్నడిగితే, ఏ ట్యూబు కొన్నామన్నదాని కంటే ఈ పది నిమిషాలే ముఖ్యం.

ఇక మిగతావి. కొబ్బరి నూనె హాని చేయదు గానీ, పల్చటి పొర కాబట్టి ఎక్కువసేపు నిలవదు. పౌడర్ వద్దేవద్దు, ఆ దుమ్ము పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వైప్స్ వాడితే సువాసన, ఆల్కహాల్ లేనివి చూసుకోండి. ఇంట్లో ఎవరో వాడిన స్టెరాయిడ్ క్రీము ఉంది కదా అని మాత్రం రాయకండి. డైపర్ కింద బిగిసి ఉన్న చర్మం మందుని మామూలు కంటే ఎక్కువగా పీల్చుకుంటుంది.

రెండు మూడు రోజులు ఇవన్నీ సరిగ్గా చేసినా తగ్గకపోతే గజ్జల మడతలు విప్పి చూడండి. తడికి వచ్చే మామూలు ర్యాష్ డైపర్ ఒరుసుకునే ఎత్తు భాగాల్లో ఉంటుంది, మడతల లోపల అంతగా ఉండదు. మడతల్లోనే ముదురు ఎరుపుంటే, చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు విడివిడిగా కనిపిస్తే, అది ఫంగస్ కావచ్చు. యాంటీబయాటిక్ వాడిన పిల్లల్లో ఇది త్వరగా వస్తుంది. దానికి జింకూ జెల్లీ సరిపోవు, డాక్టర్ రాసిచ్చే ఫంగస్ క్రీము కావాలి. బొబ్బలు, చీము, జ్వరం ఉంటే ఆ రెండు మూడు రోజులు కూడా ఆగకండి.