మూడేళ్లుగా చోడి బిస్కట్లు: మా ఓటీజీ మంచీ చెడ్డా

2022లో మా విజయనగరం సిరిమాను పండగకి ముందు వారం కొన్నాం ఈ ఓటీజీ, అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు పొయ్యి. దసరా తగ్గింపులో ఆరున్నర వేల చిల్లర పడింది. 28 లీటర్లు, 1500 వాట్లు. కేకుల మీద మోజుతో కొన్నది కాదు, పొద్దున్న పూట మా ఇంటి పరిస్థితి చూసి కొన్నది. మావారు విశాఖ రైలు అందుకోవాలి, నేను నెల్లిమర్ల బస్సు అందుకోవాలి, పిల్లల స్కూలు బస్సు ఏడుంపావుకల్లా సందు చివర హారన్ కొడుతుంది. ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి ఉంటుంది, వేయడానికీ ఓపిక ఉంటుంది, కూర్చుని తినే టైమే ఎవరికీ ఉండదు. పెద్దాడు సగం ఇడ్లీ నోట్లో పెట్టుకుని బూట్లు తొడుక్కునేవాడు. మిగతా సగం కాకికి.

కొన్నాళ్లు కొట్టు బిస్కట్లతో నెట్టుకొచ్చాం. రాగి బిస్కట్లని పెద్దక్షరాలతో ఉన్న ఒక ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే మొదటి పేరు మైదా, తర్వాత పంచదార, ఆ తర్వాత పామాయిల్. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలన్నది ప్యాకెట్ల మీద రూలు. రాగి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. అదీ మంచి చోడిపిండి, అంటే రాగిపిండి, ఇంట్లో డబ్బా నిండా ఉండగా.

మా వైపు రాగుల్ని చోళ్లంటాం. మా అత్తమ్మకి చోడి అంబలి లేకపోతే ఎండాకాలం గడవదు. ఆవిడ చోళ్లు నానబెట్టి, గుడ్డలో మూట కట్టి మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి మరకి పంపిస్తారు. మొలకెత్తిస్తే అందులోని కాల్షియం, ఇనుము ఒంటికి బాగా పడతాయి. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో దానికి దరిదాపుల్లో కూడా ఉండదు. నేను ఆ పిండి గిన్నెలోకి తీసి వెన్న కలుపుతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏటమ్మా, చోడిపిండి కరెంటు పొయ్యిలో పెడతావేటి? అంబలి కాసీసుకుంటే అయిపోద్ది గదా" అన్నారు. నిజానికి ఆవిడ మాట సగం రైటే. ఇంట్లో ఉన్న రోజు అంబలిని మించింది లేదు. కానీ అంబలిని జేబులో వేసుకుని రైలెక్కలేం.

మొదటి నాలుగైదు వాయిలు ఎవరికీ చెప్పుకునేలా లేవు. అడుగు మాడి, పైన పచ్చి. బెల్లం కరిగి బిస్కట్లన్నీ కలిసిపోయి ట్రేలో ఒకే అట్టు. మావారు దాన్ని చాకుతో పలకలుగా కోసుకుని తిన్నారు, ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే ఎక్కువ బాధనిపించింది. తప్పు నాదేననుకుని కొలతలు మారుస్తూ పోయాను. చివరికి మూడొందలు పెట్టి ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటర్ తెప్పిస్తే సంగతి తెలిసింది: వేడి తిప్పే గుండీ 170 డిగ్రీల మీద పెడితే లోపల 195 చూపిస్తోంది. కొన్న చోట అడిగితే "అన్నీ అంతేనమ్మా" అన్నారు. సరే, అన్నీ అంతేనేమో. అప్పట్నుంచి నేను గుండీని 145, 150 మధ్యన పెడతాను, లోపల 170 వస్తుంది. ఓటీజీ కొనేవాళ్లకి నేనిచ్చే ఒకే ఒక్క సలహా ఇది. రెసిపీల సంగతి తర్వాత, ముందు ఆ థర్మామీటర్ కొనుక్కోండి.

ఇప్పుడు కుదిరిన కొలత చెప్తాను. చోడిపిండి 120 గ్రాములు, ఓట్స్ 150 గ్రాములు (సగం మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, సగం అలాగే), బెల్లం పొడి 120, వెన్న 90, బాగా మగ్గిన అరటిపళ్లు రెండు, జీడిపప్పు గుప్పెడు, రెండు చెంచాల నువ్వులు, కాస్త ఎండుకొబ్బరి కోరు, ఒక చిన్న చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, యాలకులు. ఇరవైనాలుగు వస్తాయి. జీడిపప్పుకి గుండు పప్పు దండగ. పలాసలో మా పిన్నిగారింటికి వెళ్లినప్పుడల్లా పలుకులు తెచ్చుకుంటాను, విరిగిన పప్పు కాబట్టి చవక, బిస్కట్లో ఎలాగూ విరగ్గొట్టేదే. చోడిపిండిలో గోధుమపిండికుండే జిగురు ఉండదు, అందుకే ఉత్త చోడితో చేస్తే చేతిలో పొడైపోతుంది. పట్టి ఉంచేవి అరటిపండూ ఓట్సూ. కలిపాక ఆ ముద్దని అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి, వెన్న గట్టిపడితే ట్రేలో పాకిపోదు. మేలో ఈ అరగంట గంటవుతుంది, మా వంటింట్లో వెన్న దానంతటదే నెయ్యయ్యేలా ఉంటుంది.

చోడి బిస్కట్‌కి ఒక పెద్ద చిక్కుంది. మైదావైతే బంగారం రంగు రాగానే దించేయమంటారు. ఇది పచ్చి ముద్దగా ఉన్నప్పుడే గోధుమరంగు, కాలాకా గోధుమరంగే, మాడాకా దాదాపు అదే. కంటితో తేలదు. ముక్కుతో తేలుతుంది. పద్నాలుగో నిమిషం దగ్గర బెల్లం పాకం వాసన మొదలవుతుంది, పదహారు, పదిహేడుకి నువ్వులు వేగిన వాసన వస్తుంది, అప్పుడు ఆపేయాలి. తీసినప్పుడు మెత్తగా ఉంటాయి, వేలు పెడితే దిగుతుంది. అప్పుడు కంగారుపడి మళ్లీ లోపల పెట్టకూడదు. ట్రే మీదే పది నిమిషాలు వదిలేస్తే అవే బిగుస్తాయి. ఈ ఓర్పు రావడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

ఒకసారి మాత్రం పాపం పిండిమరది. మా ముందు ఎవరో ఎండుమిరపకాయలు ఆడించుకెళ్లారట, మర దులపకుండానే మా చోళ్లు పోశారు. ఓవెన్ తలుపు తీయగానే ఇల్లంతా ఘాటు, పిల్లలిద్దరూ తుమ్ములు. చిన్నది ఒకటి కొరికి, "అమ్మా, ఇది పకోడీనా?" అంది. ఆ వాయి మొత్తం సాయంత్రం టీతో పెద్దవాళ్లం తిన్నాం. అబద్ధమెందుకు, బానే ఉంది.

కరెంటు పోయినా అంత భయపడక్కర్లేదని కూడా ఈ మూడేళ్లలోనే తెలిసింది. ఒక ఏప్రిల్ ఆదివారం, పదో నిమిషంలో ఉండగా పోయింది. తలుపు తెరవకుండా అలాగే పావుగంట వదిలేశాను. లోపలి వేడితోనే ఉడికాయి. కరకర లేదు గానీ నమలడానికి బాగున్నాయి, పిల్లలు అలాగే కావాలన్నారు. కరెంటు ఖర్చు గురించి అడుగుతుంటారు. వేడెక్కే టైముతో కలిపి రెండు ట్రేలకి ముప్పావుగంట, యూనిట్ దగ్గర్లో పడుతుంది. వెన్న ఖర్చు ముందు అదో లెక్క కాదు.

ఇక నిల్వ. అసలు గొడవంతా ఇక్కడే. అరటిపండు వేసినవి బయట మూడు రోజులు. నాలుగో రోజు వాసన మారుతుంది. ఒక ఆగస్టులో ఐదో రోజు డబ్బా మూత తీస్తే తెల్లగా బూజు. వానాకాలంలో మన వైపు గాలే తడి, ఎంత గట్టి స్టీలు డబ్బా అయినా రెండో రోజుకే మెత్తబడతాయి. ఇప్పుడు జూన్ నుంచి అక్టోబర్ దాకా అరటిపండు మానేసి, దాని బదులు కాసిని పాలు, రెండు చెంచాల గోధుమపిండి వేస్తున్నాను. ఇవి వారం ఆగుతాయి. మెత్తబడినా ఐదు నిమిషాలు వేడి చేస్తే మళ్లీ బిగుస్తాయి. ఇంకో దారి, ముద్దని ఉండలు చేసి ఫ్రీజర్‌లో పెట్టేసి, కావలసినన్ని ముందు రాత్రి కాల్చుకోవడం. చెప్పుకోడానికి బాగుంటుంది గానీ రాత్రి తొమ్మిదింటికి ఓవెన్ దగ్గర నిలబడే ఓపిక నాకు ఏడాదిలో నాలుగుసార్లకి మించి రాలేదు.

ఆరోగ్యం సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. బెల్లమూ తీపే. ఒక్కో బిస్కట్లో ఐదు గ్రాముల బెల్లముంటుంది, వెన్న నాలుగు గ్రాముల దాకా. రెండు తింటే సుమారు 220 కేలరీలు. పిల్లలకి రెండు బిస్కట్లూ గ్లాసు పాలూ అయితే పదకొండింటి దాకా ఆగుతారు. మావారికి మూడు కావాలి. అత్తమ్మకి షుగరుంది కాబట్టి బెల్లం లేకుండా ఖర్జూరం గుజ్జుతో చేశాను. ఖర్జూరం కూడా తీపే కదా అని డాక్టరు నవ్వారు. ఆవిడకి అంబలే రైటు. బెల్లం 80 గ్రాములకి తగ్గించి చూశాను, పిల్లలు బ్యాగులో పెట్టుకెళ్లి బ్యాగులోనే తిరిగి తెచ్చారు. 100కి దిగడం మాత్రం నడిచింది, కాకపోతే కరకర తగ్గుతుంది.

వారమంతా వీటితో గడిచిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మా ఇంట్లో ఆదివారం చేసినవి సోమ, మంగళ, బుధవారాలకే. గురువారానికి చిన్నది మొహం తిప్పేసుకుంటుంది. మళ్లీ ఉప్మా, అట్లు, పరుగు. మూడు పొద్దుటలు చల్లగా గడవడానికి ఆదివారం గంటన్నర పని. నాకు గిట్టుబాటే. ఆదివారం గంటన్నర కూడా దొరకని ఇంట్లో ఈ ఓటీజీ బట్టల మూట పెట్టుకోడానికి పనికొస్తుంది. మా ఆడపడుచు ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే.

మెషిన్ విషయానికొస్తే, కింది రాడ్డు ఒకటి రెండో ఏడు పోయింది. కంపెనీ మనిషి వస్తారని పదిరోజులు చూసి, చివరికి గంటస్తంభం దగ్గర మిక్సీలు బాగుచేసే అతని చేత నాలుగొందల్లో వేయించాం. ట్రే పూత గీతలు పడింది, ఇప్పుడు బటర్ పేపర్ వేస్తున్నాను. లోపల లైటు లేకపోవడం రోజూ గుర్తొచ్చే లోటు. మళ్లీ కొంటే లైటున్నదీ, పై రాడ్డుకీ కింది రాడ్డుకీ విడిగా స్విచ్చి ఉన్నదీ చూసి తీసుకుంటాను. 28 లీటర్ల సైజు మాత్రం మార్చను, మా నలుగురికీ, మధ్యలో డబ్బా మూత చప్పుడు కాకుండా తీసే అత్తమ్మకీ సరిగ్గా సరిపోతోంది.

నిన్న రాత్రి ఆవిడ చోళ్లు నానబెట్టారు. అంబలికి అన్నారు. కొలత చూస్తే రోజూ నానబెట్టేదానికి రెండింతలుంది.