హేజస్‌తో ఎనిమిదేళ్లు: నేల మ్యాపు లేకుండా రన్ చేయకండి

అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డునున్న మెంఫిస్ చుట్టుపక్కల రోడ్లకు, వంతెనలకు భూకంప ముప్పు లెక్కగట్టడానికి ఎనిమిదేళ్లుగా హేజస్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. అమెరికా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ ఫీమా దీన్ని ఉచితంగా ఇస్తుంది. ఇది నడవడానికి కావలసిన మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఆర్క్‌జీఐఎస్ లైసెన్సు మాత్రం మనమే చూసుకోవాలి. హైవే వంతెనల జాబితా అందులోనే ఉంటుంది. భూకంపం ఎక్కడ, ఎంత తీవ్రతతో అన్నది ఇస్తే, ఒక్కో వంతెన కొద్దిగా దెబ్బతినే అవకాశమెంతో, పూర్తిగా పాడయ్యే అవకాశమెంతో చెబుతుంది. మర్నాటికి, వారానికి, మూడు నెలలకు ఎంతవరకు పనికొస్తుందో కూడా చూపిస్తుంది. చిన్న ఆఫీసులకు ఇది నిజంగా వరం.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెప్పాలి. మా ప్రాంతపు భూకంపాల పగులు న్యూ మాడ్రిడ్ ఫాల్ట్ మీద 7.7 తీవ్రత ఇచ్చి రన్ చేశాను. నష్టం అనుకున్నంత లేదు, హమ్మయ్య అనుకున్నాను. రెండు రోజులకు సెట్టింగులు తెరిస్తే ద్రవీకరణ దగ్గర సున్నా ఉంది. ఏ నేల ఎంత ద్రవీకరిస్తుందో చూపే మ్యాపు మనం ఎక్కించకపోతే, కుదుపుకి నేల బురదలా జారిపోవడమన్నదే ఉండదని అది అనుకుంటుంది. ఇక్కడేమో మిసిసిపీ ఒండ్రు, కింద నీళ్లతో నిండిన ఇసుక! మ్యాపు ఎక్కించి మళ్లీ రన్ చేస్తే నది పక్క వంతెనలు వరసగా ఎర్రబడ్డాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వంతెన తరగతి కూడా చూసుకోవాలి. మెంఫిస్ దగ్గర మిసిసిపీ మీద ఐ-40 హైవేకి 1973లో తెరిచిన వంతెనను తర్వాత భూకంపాలకు తట్టుకునేలా బలపరిచారు. హేజస్ మాత్రం కట్టిన ఏడాదిని బట్టి దాన్ని పాత పెద్ద వంతెనల తరగతి హెచ్‌డబ్ల్యూబీ1లోనే వేస్తుంది. మనమే మార్చాలి.

అన్నిటికన్నా పెద్ద లోటు, వంతెన పోతే బండ్లు ఎటు మళ్లుతాయో ఇది చెప్పదు. 2021 మేలో ఐ-40 వంతెన ఉక్కు దూలంలో పగులు కనబడి మూసేస్తే, లారీలన్నీ అదే నది మీదున్న 1949 నాటి ఐ-55 హైవే వంతెన మీద పడ్డాయి. ఆగస్టు మొదట్లో గానీ పూర్తిగా తెరవలేదు. అది భూకంపం కూడా కాదు. భూకంపమే వస్తే రెండు వంతెనలూ ఒకేసారి ఊగుతాయి. అందుకే హేజస్ ఫలితాలను ట్రాఫిక్ మోడల్‌లోకి తీసుకెళ్లి, దెబ్బతినే లింకులను (రోడ్డు ముక్కలను) తీసేసి మళ్లీ నడిపిస్తాను. పని రెట్టింపవుతుంది, అయినా ఆ మెట్టు వదలను.

టీమ్‌లోకి కొత్తవాళ్లు వస్తే, సాఫ్ట్‌వేర్ తెరవకముందే నది దాటించి ఆర్కన్సా పొలాలకు తీసుకెళ్తాను. 1811-12 న్యూ మాడ్రిడ్ భూకంపాలప్పుడు ద్రవీకరణతో భూమిలోంచి ఎగజిమ్మిన ఇసుక మచ్చలు నల్లమట్టిలో ఇప్పటికీ తెల్లగా కనిపిస్తాయి.